ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ సైటు: తెలుగు మీడియం వాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీ అడిగితే చాలా షాపుల్లో జేబులో పట్టే చిన్న పుస్తకం చేతిలో పెడతారు. ఇంగ్లీషు మాట, దానికెదురుగా తెలుగు మాట, అంతే. చదివింది అర్థం చేసుకోవడానికి అది సరిపోతుంది. ఇంటర్వ్యూలో నోరు విప్పాలన్నా, కృష్ణపట్నం పోర్టు ఆఫీసు నుంచో చీమకుర్తి గ్రానైట్ కంపెనీ నుంచో బయటి దేశం వాళ్ళకి మెయిల్ పెట్టాలన్నా సరిపోదు. 'బారో', 'లెండ్' చూడండి. అర్థం వెతికితే రెండు చోట్లా 'అప్పు' తగులుతుంది. చేబదులు తీసుకునేవాడిది బారో, ఇచ్చేవాడిది లెండ్. బారో తర్వాత 'ఫ్రమ్', లెండ్ తర్వాత 'టు' వస్తాయి. ఈ ముక్క చెప్పే డిక్షనరీ కావాలి.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ సైటు ఆ పని బాగా చేస్తుంది. ఫోన్ బ్రౌజర్లో డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. దీనికి మూలమైన పుస్తకాన్ని ఏ.ఎస్. హార్న్‌బీ, ఇంకో ఇద్దరు కలిసి జపాన్‌లో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేశారు. 1942లో టోక్యోలో వచ్చింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. పుట్టుకే పరాయి భాషగా నేర్చుకునేవాళ్ళ కోసం కాబట్టి, ఇంగ్లీషు వాళ్ళు తమ కోసం రాసుకున్న పెద్ద నిఘంటువుల్లో మనకి దొరకని సంగతులు ఇందులో దొరుకుతాయి.

వాడే పద్ధతి ముఖ్యం. మాట కొట్టగానే మొదటి అర్థం చదివి మూసేస్తే సగం విలువ పోయినట్టే. ముందు అది నౌనా, వెర్బా చూడండి, రెండింటికీ వేరువేరు పేజీలుంటాయి. ఒకే స్పెల్లింగుతో వేరే మాటలూ ఉంటాయి. లీడ్ అంటే నడిపించడం, అదే స్పెల్లింగుని లెడ్ అని పలికితే సీసం. తర్వాత అర్థం పక్కన 'కౌంటబుల్' (లెక్కపెట్టగలిగేది), 'అన్‌కౌంటబుల్' (లెక్కపెట్టలేనిది) అని ఉందేమో చూడండి. మన వాళ్ళు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్ అన్‌కౌంటబుల్, చివర 'ఎస్' చేర్చకూడదు. 'రెండు సలహాలు' అనాలంటే 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్' అనాలి.

ఆ తర్వాత ఉదాహరణల దగ్గర లావు అక్షరాల్లో ఉండే వాక్య నమూనా చదవండి. 'డిస్కస్' పేజీలో 'డిస్కస్ అబౌట్' అనకూడదని విడిగా నోట్ పెట్టారు. తెలుగులో 'దాని గురించి చర్చించాం' అంటాం కాబట్టి ఆ 'గురించి' ఇంగ్లీషులోకీ 'అబౌట్' అయి వచ్చేస్తుంది. నమూనా చూశాక ఒక ఉదాహరణని నోట్‌బుక్కులో రాసుకుని, దాని కిందే మీ పనికి సంబంధించిన వాక్యం ఒకటి అదే అచ్చులో రాయండి. రోజుకి ఐదు మాటలు చాలు. ఇరవై పెట్టుకుంటే వారంలో వదిలేస్తారు.

ఉచ్చారణకి రెండు స్పీకర్ బొమ్మలుంటాయి: నీలం బ్రిటిష్, ఎరుపు అమెరికన్. ఏదో ఒకదానికి కట్టుబడండి. వినేటప్పుడు అక్షరాల కన్నా ఊనిక (స్ట్రెస్) ఎక్కడ పడుతోందో గమనించండి. 'హోటల్', 'డెవలప్' రెండింటిలోనూ రెండో భాగం మీద పడుతుంది, మనం మొదటిదాని మీద పెడతాం. 'రిసీట్'లో 'పి', 'డెట్'లో 'బి' పలకవు.

ఈ సైటు వల్ల నెల్లూరు, ఒంగోలు పిల్లలకి అసలు మేలు నాకు కనిపించేది ఇంకోచోట: తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటల దగ్గర. అవి వచ్చేసినవే కదా అని ఎవరూ వెతకరు. రొయ్యల గుంటలో నీళ్ళకి గాలి కలిపే యంత్రం చెడితే 'ఏరియేటర్ రిపేరొచ్చింది' అంటాం. ఇంగ్లీషులో రిపేర్ అంటే బాగుచేయడం. చెడిపోయిందని చెప్పాలంటే 'బ్రోకెన్ డౌన్' అనాలి. కొట్టువాడు ఇచ్చే 'కవరు' ఇంగ్లీషులో బ్యాగ్, ఉత్తరం పెట్టే కవరు ఎన్వలప్. కండక్టర్ ఇవ్వాల్సిన 'బ్యాలెన్సు'ని చేంజ్ అంటారు. 'కరెంటు పోయింది' అన్నచోట 'పవర్' అనాలి. మనకి హోటలంటే భోంచేసే చోటు, వాళ్ళకి ముందుగా బస చేసే చోటు. ఇవి తెలుగులో తప్పు కాదు, తెలుగు మాటలుగా నిక్షేపంలా ఉన్నాయి. ఇంగ్లీషు వాక్యంలోకి అదే అర్థంతో తీసుకెళితేనే చిక్కు. 'పాసౌట్' మరీ ప్రమాదం. డిగ్రీ 2022లో అయిందని చెప్పబోయి 'ఐ పాస్డ్ అవుట్' అంటే బయటి దేశం వాడికి స్పృహ తప్పి పడిపోయారని వినిపించవచ్చు. 'గ్రాడ్యుయేటెడ్' అనండి. 'రివర్ట్' కూడా అంతే. మన ఆఫీసుల్లో జవాబివ్వడానికి వాడతాం, దాని అసలు అర్థం పాత స్థితికి తిరిగి వెళ్ళడం. మెయిల్లో 'రిప్లై' రాస్తే గొడవ లేదు.

ఇక లోపాలు. తెలుగు ఒక్క ముక్క ఉండదు. వివరణలు తేలిక ఇంగ్లీషులోనే రాసినా, ఆ తేలిక మాటలైనా రావాలి కదా. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పేరాగ్రాఫు చదవలేని వాళ్ళకి నేరుగా ఇది చేతికివ్వకూడదు, బెదిరిపోతారు. వాళ్ళు ముందు ఇదే సైటులోని 'ఆక్స్‌ఫర్డ్ 3000' అనే ముఖ్యమైన మాటల జాబితా దించుకోవాలి. అందులో మాటలు ఏ1 (అన్నిటికన్నా తేలిక) నుంచి బీ2 దాకా స్థాయిలవారీగా ఉంటాయి. ఏ1, ఏ2 మాటలకి జేబు డిక్షనరీలో తెలుగు అర్థం చూసుకుని, అవి వచ్చాక సైటులోకి దిగితే వివరణలు వాటంతటవే అర్థమవుతాయి.

తెలుగు అర్థాలకి ఆంధ్రభారతి సైటు మంచిది, ఒకే వెతుకులాటలో చాలా నిఘంటువులు చూపిస్తుంది. ఏ అర్థం ఏ నిఘంటువుదో మాత్రం గమనించాలి. బ్రౌన్ నిఘంటువు 1850ల నాటిది, ఈనాటి ఆఫీసు మాటలకి అది దారి చూపదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒంటరి మాట కొట్టకండి. సందర్భం లేకపోతే ఏ అర్థం తీసుకోవాలో యంత్రానికి తెలియదు, మొత్తం వాక్యం ఇవ్వండి.

సైటుకి నెట్ కావాలి, ప్రకటనలు కూడా వస్తాయి. సిగ్నల్ సరిగా అందని ఊళ్ళలో ఉండేవాళ్ళకి అచ్చు పుస్తకమే, 'ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ', మేలు. పదో ఎడిషన్ 2020లో వచ్చింది. సెకండ్ హ్యాండులో ఎనిమిదో, తొమ్మిదో ఎడిషన్ దొరికినా నిశ్చింతగా కొనండి. రోజువారీ మాటల వాడుక అంతలో మారిపోదు. కొనేముందు 'డిస్కస్', 'అడ్వైస్', 'బారో' పేజీలు తిప్పి, కాగితాలు చిరిగిపోలేదని చూసుకోండి.