నాలుగేళ్లు వాడిన ఓబీడీ రీడర్: పట్టిచ్చినవి, పట్టివ్వనివి

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి (కారు సాకెట్‌లో గుచ్చితే కారు కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్లను ఫోన్‌లో చూపిస్తుంది), వోల్టేజీ కొలిచే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. సెకండ్ హ్యాండ్ కారు కొన్న నెలలోపే ఈ రెండూ కొనాల్సి వచ్చింది. నాలుగేళ్లు దాటింది, కారు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ సమీక్ష రీడర్ గురించే అయినా, మల్టీమీటర్ ప్రస్తావన లేకుండా దాని మంచిచెడ్డలు చెప్పడం కుదరదు.

కారు కొన్న రెండో వారం. వాన పడుతున్న రాత్రి ఇరుకు జాగాలో బండిని తిప్పుతుంటే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), పవర్ స్టీరింగ్ లైట్లు రెండూ ఒక్కసారే వెలిగాయి. స్పీడోమీటర్ ముల్లు సున్నాకు పడిపోయింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అంతా మామూలే. మర్నాడు వర్క్‌షాప్‌కు తీసుకెళ్తే బండి ఎంతో బుద్ధిగా నడిచింది. స్కానర్ పెట్టి చూశారు, ఏబీఎస్‌కు సంబంధించిన కోడ్ కనబడింది, వెంటనే ముందు చక్రం సెన్సార్ మార్చేశారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు. పది రోజులకు అదే లైటు, అదే బిగుసుకుపోవడం. "సెల్ఫ్ బాగానే కొడుతోంది కాబట్టి బ్యాటరీ వైపు సమస్య కాదు" అన్నారు. ఆ మాట నన్ను ఇంకో నెల దారి తప్పించింది.

రీడర్ వచ్చాక మొదట చూసిన కోడ్ యూ0121. కోడ్ మొదటి అక్షరమే సగం కథ చెబుతుంది. పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్. సీ అంటే బ్రేకులు, స్టీరింగ్ వంటివి. బీ అంటే బాడీ. యూ అంటే కంప్యూటర్ల మధ్య మాటలు ఆగిపోవడం. ఏబీఎస్ మాడ్యూల్ నుంచి, అంటే ఏబీఎస్‌ను నడిపే చిన్న కంప్యూటర్ నుంచి, కబురు రావడం లేదని ఇంజిన్ కంప్యూటర్ రాసుకున్న ఫిర్యాదు అది. చక్రం సెన్సార్ పోతే ఏబీఎస్ మాడ్యూల్ తనంతట తానే ఆ సంగతి చెబుతుంది. ఇక్కడ మాట్లాడాల్సిన మాడ్యూలే కాసేపు మూగబోయింది. మాడ్యూల్ మూగబోతే మొదట చూడాల్సింది దానికి కరెంటు సరిగ్గా అందుతోందా లేదా అన్నది. అప్పుడు నాకు ఈ తేడా తెలియదు, తెలిసుంటే ఆ సెన్సార్ మార్చనిచ్చేవాణ్ని కాదు.

నిజానికి దారి చూపింది మాత్రం డాష్‌బోర్డు అరలో పెట్టుకున్న చిన్న నోటుపుస్తకం. లైటు వెలిగిన ప్రతిసారీ టైము, వాన ఉందా, హెడ్‌లైట్లు వేశానా, ఏసీ నడుస్తోందా, స్టీరింగ్ ఎటు తిప్పి ఉంది అని రాసుకున్నాను. తొమ్మిది సార్లు రాశాక పేజీ చూస్తే విషయం కళ్లకు కట్టినట్టు కనబడింది. ప్రతిసారీ బండి దాదాపు నిలబడి ఉంది, స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఉంది, ఎనిమిది సార్లు హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పితే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారు కరెంటు గట్టిగా లాగుతుంది. అంటే లోడు పడ్డప్పుడే గొడవ.

రీడర్ నాకు బాగా పనికొచ్చింది ఇక్కడే, అదీ కోడ్ చదవడంలో కాదు. ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్ బ్యాటరీ ప్లస్, 4వ పిన్ బాడీ ఎర్త్. రీడర్ ఈ రెంటి మధ్య వోల్టేజీని కొలిచి ఫోన్‌లో చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ను నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకు పెట్టాను: 14.1. ఫోన్‌లో 13.9. ఇలాంటి రీడర్లు అటూ ఇటూగా 0.2 చూపించడం మామూలే, పట్టించుకోలేదు. హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకోమని తమ్ముడితో చెప్పాను. బ్యాటరీ దగ్గర 13.9 ఉంది. ఫోన్‌లో అంకె 12.7కి దిగింది. బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీ సాకెట్ దాకా రావట్లేదంటే దారిలో ఎక్కడో పోతోందన్నమాట.

తర్వాత మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ మైనస్ పోస్టుకు, రెండో కొనను బాడీ మీద రంగు లేని బోల్టుకు పెట్టాను. లోడు మీద ఇది 0.1 వోల్టు దాటకూడదు, మహా అయితే 0.2. నా బండిలో ఒక వోల్టు ఉంది. మైనస్ నుంచి బాడీకి వెళ్లే సన్నటి కేబుల్‌ను చేత్తో కదిపితే అంకె ఒక్క క్షణం నాలుగు దాటి వెనక్కి వచ్చింది. అదే క్షణంలో లోపల తమ్ముడు "లైటు వెలిగింది!" అని అరిచాడు. రెండు నెలల టెన్షన్ ఆ ఒక్క కేకతో దిగిపోయింది.

మైనస్ నుంచి రెండు కేబుళ్లు వెళ్తాయి. లావుది గేర్‌బాక్స్‌కు, సన్నది బాడీకి. సెల్ఫ్ మోటారు కరెంటు లావు కేబుల్ గుండా వెనక్కి వస్తుంది, అది శుభ్రంగా ఉంది, అందుకే సెల్ఫ్ ఎప్పుడూ బాగానే కొట్టింది. స్టీరింగ్, ఏబీఎస్, లైట్లు బాడీ ఎర్త్ మీద ఆధారపడ్డాయి. 10 నంబర్ స్పానర్‌తో ఆ బోల్టు విప్పితే పైన మెరుస్తున్న నట్టు, కింద రేకు మీద పసుప్పచ్చగా పొడిపొడిగా తుప్పు. ఎమ్రీ పేపర్‌తో రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాను. మళ్లీ కొలిస్తే 0.04. మూడున్నరేళ్లయింది, ఆ లైట్లు మళ్లీ జంటగా వెలగలేదు.

ఇక రీడర్ లోపాలు. మొదటిది, పెట్టె మీద వెర్షన్ 1.5 అని ఉంది. రీడర్ లోపల ఉండే ఎల్మ్327 అనే చిప్‌ను తయారుచేసిన కెనడా సంస్థ 1.5 అనే వెర్షన్‌ను అసలు విడుదల చేయనే లేదు, అంటే నాది నకలు. ఇంజిన్ కోడ్ల వరకు పని జరుగుతుంది కానీ ఒకేసారి నాలుగైదు రీడింగులు అడిగితే తడబడుతుంది. రెండోది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లలోని కోడ్లు దీనికి అందవు. మూడోది నా తప్పు కూడా. పది రోజులు ఊళ్లో లేను. వచ్చి చూస్తే బ్యాటరీ పడుకుంది. పాత ఓనర్ బిగించిన మ్యూజిక్ యాంప్లిఫయర్‌ను అనుమానించాను. ఫ్యూజులన్నీ ఒక్కొక్కటీ తడిమాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, సాకెట్‌లో వదిలేసిన రీడరే రాత్రింబవళ్లు దాదాపు 50 మిల్లీయాంపులు తాగుతోంది. పది రోజులకు 12 యాంపియర్ అవర్లు. ముసలి బ్యాటరీకి అది చాలు. బండి పడుకున్నాక మొత్తం లాగేది 50 మిల్లీయాంపుల లోపే ఉండాలి. ఇప్పుడు పని అవగానే పీకి అరలో పడేస్తాను.

కోడ్లు చెరిపేసే బటన్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం పడ్డ క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, బండి వేగం ఎంతో అందులో ఉంటుంది, ముందు దాన్ని ఫోటో తీసుకోవాలి. ఇంకొకటి, చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతుంటే రీడర్ వెతుక్కుంటూ కూర్చోకూడదు. మిస్‌ఫైర్ అవుతోందని, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదని దాని అర్థం, కాలని పెట్రోలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. కాలు తేలిక చేసి పక్కకు ఆపడమే.

మూడో ఏడు ఎయిర్‌బ్యాగ్ లైటు వచ్చింది. రీడర్ "లోపాలు లేవు" అంది, దానికి కనబడితే కదా. కానీ అదే వారం స్టీరింగ్ తిప్పినప్పుడల్లా హార్న్ ఒకసారి మోగి ఒకసారి మోగట్లేదని నోటుపుస్తకంలో ఉంది. హార్న్, ఎయిర్‌బ్యాగ్ రెండింటి వైర్లూ స్టీరింగ్ కింద చుట్టగా ఉండి దాంతోపాటు తిరిగే క్లాక్ స్ప్రింగ్ అనే వైరు పట్టీ గుండానే వెళ్తాయి. పసుపు రంగు కప్లర్లున్న చోట మల్టీమీటర్ పెట్టకూడదు, ఆ చిన్న కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. అందుకని దాని జోలికి పోకుండా, ఎయిర్‌బ్యాగ్ చదివే స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఆ పేజీ చూపించాను. ఆయన చదివి, స్టీరింగ్‌ను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి హార్న్ కొట్టి చూసి, "సెన్సార్లేం మార్చక్కర్లేదు, క్లాక్ స్ప్రింగ్ తెప్పించండి" అన్నాడు.

పాత కారు కొంటున్నవాళ్లు ఒక్కటే కొనగలిగితే మల్టీమీటరే కొనమంటాను. రెండూ కొనగలిగితే రీడర్ కూడా తీసుకోండి, సాకెట్ దగ్గరి వోల్టేజీ చూపించడానికైనా పనికొస్తుంది. నా రీడర్ మూత ఊడితే టేపు చుట్టి వాడుతున్నాను. ప్రస్తుతం వెనక వైపర్ తనకు బుద్ధి పుట్టినప్పుడే తిరుగుతోంది. డిక్కీ తలుపు మడత దగ్గర వైరు లోపల తెగిందని అనుమానం. పుస్తకంలో ఇంకా నాలుగు సార్లే ఎక్కింది.