డాగ్ ఫుడ్ లూజుగా కొనేవాళ్లు జాగ్రత్త

కుక్కల్ని పెంచుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకూడదనే రాస్తున్నాను.

రెండు నెలల కింద దగ్గర్లోని పెట్ షాపులో డాగ్ ఫుడ్ లూజుగా కొన్నాను. పెద్ద బస్తా విప్పి 2 కిలోల కవర్లుగా కట్టి అమ్ముతున్నారు. సీలు ప్యాకెట్ కంటే చౌక. రెండు తెచ్చి, ఒకటి డబ్బాలో పోశాను, రెండోది ముడి విప్పకుండా పక్కన పెట్టాను.

నాలుగో రోజు పొద్దున మా కుక్క బుజ్జి, గిన్నె వాసన చూసి వెనక్కి వెళ్లిపోయింది. డబ్బాలో చెయ్యి పెడితే నాలుగైదు ముక్కలు గుత్తిగా పైకొచ్చాయి, మధ్యలో సాలెగూడు లాంటి సన్నని దారాలు. విడదీశాను. బియ్యపు గింజ కంటే కాస్త పొడుగున్న తెల్ల పురుగు, గోధుమ రంగు తల, మెల్లగా కదులుతోంది. ముడి విప్పని కవరు లైటుకి ఎదురుగా పట్టి చూస్తే దాని మూలల్లోనూ అవే దారాలు. అంటే పురుగు షాపు నుంచే వచ్చింది.

తీసుకెళ్తే "మీ వంటింట్లోనే పట్టి ఉంటుంది" అన్నారు. కవరు మీద తయారీ తేదీ లేదు, బ్యాచ్ నంబరు లేదు, నా దగ్గర బిల్లూ లేదు. ఏం చూపించి అడగాలి? డబ్బు పోయినదానికంటే ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది.

అదంతా పారేసినా, మూడు వారాలకి ట్యూబ్‌లైటు చుట్టూ చిన్న రెక్కల పురుగులు మొదలయ్యాయి. రెక్క మొదట్లో బూడిద రంగు, చివర రాగి రంగు. ఇండియన్ మీల్ మాత్ అంటారు. ఒక్క ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. వాటి లద్దె పురుగులు (డబ్బాలో చూసిన తెల్ల పురుగులు అవే) గోడెక్కి సీలింగ్ మూలల్లో గూళ్లు కట్టుకుంటాయి. బొంబాయి రవ్వ, శనగపిండి, పల్లీలు అన్నీ పారబోశాం. డబ్బా మూత మరల్లో కూడా గూళ్లు దొరికాయి. అత్తయ్య చెప్పారని వేపాకు వేశాం, లోపలున్నవి చావలేదు. టెన్షన్‌లో పురుగుల మందు మాత్రం ఫుడ్ దగ్గర కొట్టకండి, కుక్క నోట్లోకి పోయేది అదే.

సీలున్న ప్యాకెట్టే కొనండి, నెలలో అయిపోయే సైజు చాలు. ప్యాకెట్‌తో సహా గట్టి మూత డబ్బాలో పెట్టండి, తేదీ, బ్యాచ్ నంబరు మీ దగ్గరే ఉంటాయి. ఫ్రీజర్‌లో చోటుంటే మైనస్ 18 డిగ్రీల్లో ఓ 4 రోజులు ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా విప్పకండి, చెమ్మ పడుతుంది. పాతదాని మీద కొత్తది పోయొద్దు, డబ్బా కడిగి బాగా ఎండాకే నింపండి.

లూజుగా కొనక తప్పకపోతే షాపులోనే కవరు వెలుతురుకి ఎత్తి మూలలు చూడండి. బిల్లు అడిగి తీసుకోండి. పురుగు కనబడితే పారేసే ముందు ఫొటో తీయండి, నేను ఆ పని చేయలేదు.