అమ్మ అజీర్తికి ఆక్యుపంక్చర్ చేయించాం, ఎలా ఉందంటే

ఏళ్ల తరబడి అరగక బాధపడుతున్న మా అమ్మకి కూకట్‌పల్లిలో ఒక చిన్న ఆక్యుపంక్చర్ (ఒంట్లో పాయింట్లు అనే కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే చైనా వైద్యం) క్లినిక్‌లో నెల పైనే ట్రీట్‌మెంట్ చేయించాం. పనిచేసింది, కానీ అన్నిటికీ కాదు, దేనికి పనిచేసిందో దేనికి చేయలేదో వివరంగా రాస్తున్నా, ఇంట్లో ఇలాంటి బాధ ఉన్నవాళ్లకి ఉపయోగపడుతుందని.

అమ్మకి నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది, తర్వాత గంటలకొద్దీ బరువు, తేన్పులు, మధ్యాహ్నం తిన్నది రాత్రికి కూడా అక్కడే ఉన్నట్టుంది అనేది. పెళ్లిళ్లకి వెళ్తే మజ్జిగ మాత్రం తాగి వచ్చేసేది. ఎండోస్కోపీ నార్మల్, స్కానింగ్ నార్మల్, పొట్టలో పుండ్లు చేసే హెచ్ పైలోరీ అనే బాక్టీరియా కూడా లేదు. గ్యాస్ట్రో డాక్టర్ గారు ఫంక్షనల్ డిస్పెప్సియా అన్నారు, అంటే పుండు, గడ్డ లాంటివి ఏమీ లేవు గానీ పొట్ట పనిచేసే తీరులోనే తేడా, తినేటప్పుడు పొట్ట పైభాగం సడలాల్సినంత సడలదు, కొందరికి తిన్నది కిందికి నెమ్మదిగా దిగుతుంది, కొందరికి పొట్ట నరాలు కొంచెం నిండినా ఎక్కువగా స్పందిస్తాయి. పరగడుపున వేసుకునే మాత్రతో మంట కొంత తగ్గింది కానీ ఈ నిండుతనం మాత్రం అలాగే ఉంది. రిపోర్టులన్నీ బాగున్నాయి కదా ఇంకేంటి నీ బాధ అని చుట్టాలు అంటుంటే అమ్మ ఎంత కుంగిపోయేదో, అది చూసే నేను వేరే దారులు వెతకడం మొదలుపెట్టా.

అప్పుడు దొరికింది ఒక స్టడీ, 2020లో అమెరికా వైద్య పత్రిక అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చింది. చైనాలో తిన్నాక కడుపు నిండుగా ఉండే డిస్పెప్సియా వాళ్లు 278 మందిని తీసుకుని, వారానికి 3 సార్ల చొప్పున 4 వారాలు, సగం మందికి అసలు పాయింట్లలో, మిగతా సగానికి పాయింట్లు కానిచోట పైపైన సూదులు పెట్టారు. బాగా తగ్గింది అన్నవాళ్లు మొదటి గుంపులో 83 శాతం, రెండో గుంపులో దాదాపు 52 శాతం. మూడు ప్రధాన లక్షణాలూ, అంటే తిన్నాక నిండుతనం, పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, పూర్తిగా పోయినవాళ్లు చూస్తే మొదటి గుంపులో 28, రెండో గుంపులో 17 శాతం. నాకు అర్థమైంది ఏంటంటే ఉత్తుత్తి సూదులకే సగం మందికి హాయిగా అనిపించింది, అంటే నమ్మకం, పడుకుని తీసుకునే రెస్ట్, మన మాట ఒకరు వినడం కూడా ఇందులో పనిచేస్తాయి, అయినా అసలు సూదులకి ఇంకా ఎక్కువ ఫలితం ఉంది. పూర్తిగా పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

క్లినిక్‌లో నాకు బాగా నచ్చింది మొదటి సిట్టింగ్. థెరపిస్ట్ గారు సూది ముట్టుకోకముందే చాలాసేపు అమ్మతో మాట్లాడారు, ఏ టైంకి తింటారు, నిద్ర ఎలా పడుతుంది, మోషన్ ఎలా ఉంది, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, పేస్‌మేకర్ ఉందా అని. రిపోర్టులన్నీ తిరగేశారు. అమ్మ బాధని ఎవరైనా మధ్యలో ఆపకుండా విన్నది అదే మొదటిసారి అనుకుంటా. ఆ థెరపిస్ట్ గారు కలకత్తాలో నేర్చుకున్నారట, 1938లో యుద్ధంలో గాయపడ్డవాళ్లకి వైద్యం చేయడానికి డాక్టర్ కోట్నిస్‌తో పాటు మన దేశం నుంచి చైనా వెళ్లిన బృందంలోని డాక్టర్ బి.కె. బసు గారే తర్వాత ఈ వైద్యాన్ని కలకత్తాకి తెచ్చారు కాబట్టి ఆ ఊళ్లో దీనికి మంచి పునాది ఉంది.

సూదులు సీల్డ్ ప్యాకెట్ మన ముందే చించి, వాడాక మన ముందే డబ్బాలో పడేస్తారు, ఇది తప్పకుండా గమనించండి. ఇంజెక్షన్ సూది కంటే చాలా సన్నగా ఉంటాయి. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో ఎముకకి బయటవైపు ఒకటి, దాన్ని జుసాన్లీ అంటారు, మణికట్టు లోపలివైపు మూడు వేళ్ల పైన ఒకటి, బొడ్డుకీ రొమ్ము ఎముక చివరకీ సరిగ్గా మధ్యలో ఒకటి, ఇవి ప్రతిసారీ ఉండేవి. గుచ్చేటప్పుడు చీమ కుట్టినట్టు, తర్వాత బరువుగా లాగినట్టు ఉంటుందంది అమ్మ, అలా అరగంట పడుకోవాలి.

మొదటి వారం ఏ తేడా లేదు. తర్వాత తేన్పులు తగ్గాయి, ఆ తర్వాత ఒకరోజు సాంబారన్నం అయ్యాక తనే అడిగి పెరుగన్నం పెట్టించుకుంది, ఆ పూట ఇంట్లో అందరం ఎంత సంతోషపడ్డామో. గుండెల్లో మంట మాత్రం తగ్గలేదు, దానికి మాత్ర వాడాల్సిందే, డాక్టర్ని అడగకుండా ఆపలేదు కూడా.

నచ్చనివి రెండు. రిసెప్షన్‌లో ముందే పెద్ద ప్యాకేజీ కట్టమని ఒత్తిడి చేస్తారు, మేం ఏ సిట్టింగ్‌కి ఆ సిట్టింగ్ కట్టాం, మీరూ అలాగే చేయండి, నెలలో ఏ మార్పూ లేకపోతే ఆపేయొచ్చు. రెండోది, లోపల ఏముందో రాసి లేని పొడి డబ్బాలు అంటగడతారు, తీసుకోకండి.

ఒళ్లు ఊరికే తగ్గిపోతున్నా, మోషన్ నల్లగా వస్తున్నా, మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, రక్తం తక్కువున్నా సూదుల దగ్గరికి కాదు, ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సిట్టింగ్‌కి మరీ ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగొచ్చు, రెండు ఇడ్లీలు తిని కాసేపాగి వెళ్తే సరిపోతుంది.