రుచుల పాసు కొనకండి: శ్రీకాకుళం, విజయనగరం వాసులకు జాగ్రత్త హెచ్చరిక

మన రెండు జిల్లాల హోటళ్ళు, టిఫిన్ బండ్లు, ఫుడ్ ట్రక్కుల పేరు చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఆ రుచుల పాసును దయచేసి ఎవరూ కొనకండి. ఏ పేజీవాళ్ళదో నేను చెప్పనక్కరలేదు. పండుగ ముందు నుంచి అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న ప్రకటనే. మనిషికి 1,499 రూపాయలు. మేము నాలుగు పాసులు తీసుకున్నాం, మొత్తం 5,996 రూపాయలు. డబ్బు పోయిన బాధ ఎలాగూ ఉంది. దానికి మించి, శ్రీకాకుళంలో ఒక పునుకుల బండి దగ్గర మేము నిలబడి ఉండగా, ఆ పాసు అమ్మిన మనిషి నోట ఫోనులో విన్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్క, బావ సెలవులకు బెంగళూరు నుంచి వచ్చారు. మన వైపు తిండి తిని చాలా కాలమైందని అక్క బెంగ. ఆ పాసు పుస్తకంలో విజయనగరం గంటస్తంభం దగ్గర మొదలుపెట్టి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి, అరసవల్లి, కళింగపట్నం వరకు తినే చోట్లన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్కో చోటికి ఒక్కో కూపను. కూపను ఇస్తే అందులో రాసిన వంటకం పెడతారు, మనం అక్కడ రూపాయి ఇవ్వనక్కరలేదు. ‘వ్యాపారులకు మేమే ముందుగా చెల్లిస్తాం’ అని పుస్తకం అట్ట మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

విజయనగరంలో మొదటి హోటల్లో కూపను చూడగానే, వెయ్యి రూపాయలు దాటి బిల్లు చేస్తేనే చెల్లుతుందన్నారు. పాసు మీద ఆ షరతు ఎక్కడా లేదు. పిల్లలు ఆకలితో ఉన్నారని తిని, బిల్లు కట్టి బయటపడ్డాం. ఆ హోటలువాళ్ళను కూడా నేను పెద్దగా తప్పుపట్టను. వాళ్ళకు ఏం చెప్పి ఒప్పించారో ఎవరికి తెలుసు!

తర్వాత జాతీయ రహదారి పక్కన ఫుడ్ ట్రక్కు. ట్రక్కు మీద ‘ఉత్తరాంధ్ర వంటలు’ అని బోర్డు, లోపల నూడుల్స్, మోమోలు. మా కూపన్ల మీద రాసి ఉన్నవి చోడి అంబలి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. అంబలి అడిగితే అక్కడి అబ్బాయికి అది ఏమిటో తెలియదు. చోళ్ళు అంటే రాగులని అక్క విడమరిచి చెబితే, ఓహో రాగి మాల్టా, అది అయిపోయిందండీ అన్నాడు. పాపం, జీతానికి పనిచేసే పిల్లవాడు. కూపన్లు తీసుకుని తలా ఒక ప్లేటు నూడుల్స్ ఇచ్చాడు. యజమాని ఎవరని బావ అడిగితే, పాసు అమ్మే పేజీవాళ్ళదే ఈ ట్రక్కు కూడా అని ఏ దాపరికమూ లేకుండా చెప్పేశాడు. తమ ట్రక్కును తామే ‘ప్రాంతపు ఉత్తమ రుచి’ అని పుస్తకంలో మొదటి పేజీలో వేసుకున్నారన్నమాట.

దారిలో ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒక్కొక్కటీ బయటపడింది. మాడుగుల హల్వాను విజయనగరం ప్రత్యేకత అని రాశారు. మాడుగుల ఉన్నది అనకాపల్లి జిల్లాలో. పార్వతీపురం 2022 ఏప్రిల్ 4 నుంచి మన్యం జిల్లాకు కేంద్రం, వీళ్ళ పటంలో ఇంకా విజయనగరం జిల్లాలోనే ఉంది. పలాస పేరు ఎక్కడా లేదు. ఉద్దానం జీడితోటలు, పలాస–కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమలు లేకుండా శ్రీకాకుళం తిండి గురించి పుస్తకం ఎలా వేస్తారు? ఇచ్ఛాపురం వైపు వెళ్ళేకొద్దీ వంటలో ఒడియా రుచి కలుస్తుంది, అటువైపు పేజీయే లేదు. ఈ నేల మీద తిరిగి, తిని రాసిన పుస్తకం కాదది.

ఇక సాయంత్రం శ్రీకాకుళంలో జరిగింది.

పుస్తకంలో ఒక బండి ఫోటో ఉంది. పెసర పునుకులు వేసే అమ్మ. ఏ వీధిలోనో రాయను, ఆవిడకు ఇప్పటికే ఉన్న తలనొప్పి చాలు. మేము వెళ్ళేసరికి మూకుడు నిండా నూనె కాగుతోంది. చేతిని నీళ్ళలో ముంచి, పిండి తీసి, బొటనవేలితో నెట్టి ఒక్కొక్కటే జారవిడుస్తోంది. పొట్టు పెసరపప్పు రుబ్బిన పిండి, అందులో పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, దంచిన ధనియాలు. పైకి తేలిన వాటిని జల్లిగరిటెతో తిప్పి, ఓడ్చి, అడ్డాకు దొప్పలో వేసి, పక్కన ఉల్లిపాయ ముక్కలు పెట్టి ఇస్తోంది. అక్క మొదటి దొప్ప అందుకుని, కాలుతున్నా ఊదుకుంటూ తినేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు కనిపించింది. బావ రెండో దొప్ప అడిగాడు. పిల్లలు కూడా కడుపునిండా తిన్నారు.

నేను నాలుగు కూపన్లు తీసి ఇచ్చాను. ఆవిడ ముఖం మారిపోయింది. కోపం కాదు, విసుగు కూడా కాదు. అలసిపోయిన ముఖం. బండి కింద నుంచి ఒక స్టీలు డబ్బా తీసి మూత తెరిచి చూపించింది. నిండా అవే కూపన్లు.

“ఈ కాగితాలు ఎవరివి బాబూ? రోజూ ఎవరో ఒకరు తేవడం, తినడం, ఇవి చేతిలో పెట్టి వెళ్ళిపోవడం. డబ్బులు అడిగితే, మేము ముందే కట్టేశాం, నువ్వు రెండుసార్లు అడుగుతున్నావు అని నలుగురిలో నా మీద అరుస్తున్నారు. నాకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఎవరూ వచ్చి అడగనైనా అడగలేదు” అంది.

మరి ఫోటో ఎలా వచ్చిందమ్మా అని అడిగాను. ఎప్పుడో ఒక కుర్రవాడు వచ్చి తిన్నాడట, బాగున్నాయని మెచ్చుకుని ఒక ఫోటో తీసుకుంటానన్నాడట. తన కొడుకు వయసువాడు ముచ్చటపడి అడిగాడు కదా అని నిలబడిందట. ఆ ఫోటో పెట్టుకుని, ఆవిడ చేతి వంట పేరు చెప్పి, మన దగ్గర డబ్బు వసూలు చేశారు. కొన్న మనల్ని, పెట్టిన ఆవిడను ఒకేసారి ముంచారు. పైగా ఇద్దరికీ మధ్య తగువు పెట్టి తాము కనబడకుండా కూర్చున్నారు.

అక్కడే నిలబడి పాసు మీది నంబరుకు ఫోను చేశాను. స్పీకరు పెట్టాను. మొదట సార్ సార్ అంటూ ఎంతో మర్యాద. సాంకేతిక సమస్య అన్నాడు, వారం చివరకు లెక్క చూస్తామన్నాడు. ఈవిడ ఇక్కడే ఉన్నారు, మీరే మాట్లాడండి అన్నాను. ఆవిడ ఫోను దగ్గరకు వంగి, “బాబూ, నా డబ్బులు ఎప్పుడిస్తారు?” అని మాత్రమే అడిగింది. అంతే, అతని గొంతు మారిపోయింది.

“పిడికెడు పిండికి ఇంత గోల ఏమిటమ్మా? నీ బండిని మేము పుస్తకంలో వేశాం, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. లెక్కప్రకారం నువ్వే మాకు డబ్బు ఇవ్వాలి. ఎక్కువ మాట్లాడితే మున్సిపాలిటీకి ఒక్క ఫోను చేస్తాను, రేపటి నుంచి ఆ బండి అక్కడ ఉండదు.”

ఇది నేను విన్నది విన్నట్టుగా రాశాను. అక్క విన్నది, బావ విన్నాడు, బండి చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. తెల్లవారుజామున లేచి పప్పు నానబెట్టి, రుబ్బి, సాయంత్రమంతా పొయ్యి సెగలో నిలబడే మనిషితో మాట్లాడే పద్ధతా ఇది? ఆవిడ పెట్టిన తిండితో వ్యాపారం చేసుకుంటూ, ఆవిడ బతుకుదెరువునే తీసేస్తానని బెదిరిస్తాడా? ఆవిడ మారు మాట్లాడలేదు. డబ్బుల పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న వీధి వ్యాపారి గుర్తింపు కార్డు తీసి, ఫోనులో అతనికి కనబడుతుందన్నట్టు ఎత్తి పట్టుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ బెదిరింపు విని భయపడే బండివాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి చెబుతున్నాను. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. గుర్తింపు పత్రం ఉన్న వ్యాపారిని ఎవరో ఫోను చేశారని రాత్రికి రాత్రి తీసేయడానికి వీల్లేదు, ముందుగా నోటీసు ఇవ్వాలి. మీకు తెలిసిన బండివాళ్ళకు ఈ మాట చేరవేయండి.

మేము తిన్నదానికి ఆవిడకు డబ్బు ఇచ్చాం. కూపన్లు తిరిగి నేనే తీసుకున్నాను, సాక్ష్యంగా ఉంటాయని. ఆవిడ తీసుకోనంటూనే, పిల్లలకని ఇంకో దొప్ప పునుకులు కట్టి ఇచ్చింది.

ఇంటికి వచ్చాక మా డబ్బు తిరిగి ఇవ్వమని రాస్తే, ఒకసారి అమ్మిన పాసుకు డబ్బు తిరిగి ఇవ్వబడదు, వెనక అట్ట చూసుకోండి అని జవాబు. అట్ట వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఆ ముక్క ఉంది. బిల్లు అడిగితే బిల్లు లేదు. పేజీలో జరిగింది జరిగినట్టు రాస్తే నిమిషాల్లో తీసేసి, నన్ను బ్లాక్ చేశారు. పొగడ్తలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ పాసును ఆహా ఓహో అంటూ వీడియోలు చేసినవాళ్ళలో ఎవరూ ఇది డబ్బు తీసుకుని చేస్తున్న ప్రకటన అని చెప్పలేదు. డబ్బో, ఉచిత భోజనమో తీసుకుని మెచ్చుకుంటే ఆ సంగతి చూసేవాళ్ళకు స్పష్టంగా తెలపాలని కేంద్ర ప్రభుత్వ నిబంధనలే ఉన్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. మన ఊరి పిల్లలే చేస్తున్నారని వదిలేస్తే రేపు ఇంకొకరు మోసపోతారు.

‘తిరిగి ఇవ్వబడదు’ అని అచ్చు వేసుకున్నంత మాత్రాన చేతులు దులుపుకోవడం కుదరదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఏకపక్షంగా రాసుకున్న అన్యాయమైన ఒప్పందాన్ని ప్రశ్నించే వీలుంది. అమ్మినదానికి బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము లేదు. అమ్మినవాడు ఎక్కడున్నా, మనం ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు.

మన వైపు తిండి తినడానికి ఎవరి పుస్తకమూ అక్కరలేదు. కళింగపట్నం వెళితే వంశధార సముద్రంలో కలిసేచోట వలలు ఒడ్డుకు వచ్చే వేళ చూసుకుని చేపలు తీసుకోండి. అరసవల్లి దర్శనానికి వచ్చిన చుట్టాలను పక్క వీధిలోని టిఫిన్ బండి దగ్గరకు మీరే తీసుకెళ్ళండి. పొద్దున్నే చోడి అంబలి అమ్మే బండ్లు ఎక్కడుంటాయో ఆటోవాళ్ళను అడిగితే చెబుతారు. తిన్నచోటే, వండిన చేతికే డబ్బు ఇవ్వండి.

ఇప్పటికే పాసు కొన్నవాళ్ళు డబ్బు కట్టిన వివరాలు, కూపన్లు, ప్రకటన ఫోటోలు పారేయకండి. ఫోనులోంచి తుడిచేయకండి. ఆ కూపన్లు పట్టుకుని ఏ బండి దగ్గరకూ వెళ్ళకండి. ఎవరైనా చిన్న వ్యాపారి డబ్బు రాలేదంటే ఆయన మీద కేకలు వేయకండి, ఆ మాట నిజం. నష్టపోయినవాళ్ళు చాలామంది ఉంటే కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసే వీలుంది. మీ వివరాలు నాకు సందేశంలో పంపండి. ఆ అమ్మకు రావలసిన డబ్బు లెక్క కూడా డబ్బాలోని కూపన్లతో సహా రాసి పెట్టాం, దాన్ని కూడా వదిలిపెట్టం.