షియాన్‌కి వారాంతపు రైలు ప్రయాణం: గది దగ్గరే అసలు చిక్కు

బీజింగ్ నుంచి వారాంతంలో షియాన్ చూసి రావాలనుకునే మనవాళ్లకి డబ్బూ ఓపికా పోయేది రైల్లో కాదు, చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర దొరికిన మట్టి సైనికుల బొమ్మల దగ్గరా కాదు, హోటల్ రిసెప్షన్‌లో. యాప్‌లో 120 యువాన్లకి శుభ్రమైన గది కనిపిస్తుంది. డబ్బు కడితే కన్ఫర్మేషన్ కూడా వస్తుంది. తీరా బ్యాగులు మోసుకుని వెళ్లాక కౌంటర్లో ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్ చూసి చెయ్యి అడ్డంగా ఊపేస్తారు. విదేశీయులకి గది ఇవ్వరట. రాత్రి పదింటికి, పక్కన చిన్నపిల్లలో పెద్దవాళ్లో ఉండగా ఆ మాట వింటే ఆ ట్రిప్పులో మిగతాదేదీ రుచించదు.

దీనికి కారణం ఉంది. విదేశీయుడు చైనాలో ఎక్కడ దిగినా 24 గంటల్లోగా వివరాలు పోలీసు రికార్డులోకి ఎక్కాలి. అక్కడివాళ్లయితే గుర్తింపు కార్డు మెషీన్ మీద పెడితే చాలు. పాస్‌పోర్ట్‌కి పేరు, వీసా వివరాలు, దేశంలోకి వచ్చిన తేదీ నమోదు చేయాలి. చిన్న హోటళ్లలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి చాలామందికి అది చేతకాదు. తప్పు పడితే తమ మీదకొస్తుందని భయం. అర్హత లేదన్న సాకుతో విదేశీయులని తిప్పి పంపకూడదని 2024లో ప్రభుత్వమే హోటళ్లకి చెప్పింది. ఆ మాట పెద్ద చెయిన్ హోటళ్లకి చేరింది కానీ, అపార్ట్‌మెంట్లలో రెండు మూడు గదులు అద్దెకిచ్చేవాళ్ల దాకా ఇంకా పూర్తిగా రాలేదు.

కాబట్టి డబ్బు కట్టకముందే యాప్ చాట్‌లో ఒకటే ప్రశ్న వేయండి: ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఇద్దరం వస్తున్నాం, గది ఇస్తారా? ట్రాన్స్‌లేటర్‌లో చైనీస్‌కి మార్చి పంపితే చాలు. ఇస్తామని జవాబొస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రెండు గంటల్లో జవాబు రాకపోతే ఆ హోటల్ వదిలేయండి. వెళ్లాక కాదంటే కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. అక్కడే నిలబడి బుకింగ్ సంస్థకి ఫోన్ చేసి, స్క్రీన్‌షాట్ పంపి, మరో హోటల్ చూపించమని, ధరలో తేడా భరించమని గట్టిగా అడగండి. డబ్బు వాపసు ఇస్తామని ఊరుకోబోతారు. అప్పటికప్పుడు దొరికే గది రెట్టింపు ధర ఉంటుంది కాబట్టి దానికి ఒప్పుకోవద్దు. పాత ఊరి కోటగోడ లోపల, నడిబొడ్డున ఉన్న బెల్ టవర్‌కి నడిచి వెళ్లేంత దూరంలో హాస్టల్ మంచం సుమారు 60 నుంచి 80 యువాన్లు, ఇద్దరికి మామూలు గది 180 నుంచి 250. విదేశీ కుర్రాళ్లు దిగే హాస్టళ్లలో ఈ పాస్‌పోర్ట్ గొడవే ఉండదు. 120 యువాన్ల గది కోసం సాహసం చేసేకన్నా అదే నయం. స్నేహితుల ఇంట్లో దిగినా పోలీస్ స్టేషన్‌లో నమోదు తప్పదు, ఆ సంగతి చాలామందికి తెలియదు.

ఇక రైలు. శుక్రవారం రాత్రి బీజింగ్ వెస్ట్‌లో ఎక్కితే శనివారం పొద్దున షియాన్‌లో దిగుతారు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. హార్డ్ స్లీపర్ (మూడంతస్తుల మామూలు బెర్తు) 260 యువాన్లకి అటూ ఇటూగా, బెర్తుని బట్టి. హైస్పీడ్‌లో సెకండ్ క్లాస్ 500 పైనే. నాలుగున్నర నుంచి ఆరు గంటల్లో చేరుస్తుంది కానీ పగటిపూట తినేస్తుంది, పైగా రాత్రి గదికి మళ్లీ ఖర్చు. తక్కువలో తిరిగిరావాలంటే రాను పోను రాత్రి రైలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తోడుంటే మాత్రం ఒకవైపన్నా హైస్పీడ్ తీసుకోండి. అది దిగేది షియాన్ నార్త్‌లో, ఊరికి బాగా ఉత్తరాన. అక్కడి నుంచి మెట్రో 2వ లైను నేరుగా బెల్ టవర్‌కి తెస్తుంది. రాత్రి రైళ్లు పాత షియాన్ స్టేషన్‌కి వస్తాయి, అది గోడని ఆనుకునే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఈ రెండు స్టేషన్లనీ కలగాపులగం చేసుకుంటే రైలు తప్పినట్టే.

టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు. శుక్రవారం రాత్రి బెర్తులు త్వరగా అయిపోతాయి. రైల్వే వాళ్ల టికెట్ యాప్ 12306లో పాస్‌పోర్ట్ పరిశీలన ఒక్కోసారి ఒక రోజు కూడా పడుతుంది, అందుకని ఖాతా వారం ముందే తెరిచి పెట్టుకోండి. మన ఇంటిపేర్లు పొడుగు, కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఒక్క అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే కొట్టాలి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు పాస్‌పోర్ట్ తీసుకోకపోతే పక్కన మనిషి ఉండే వరసలోకి వెళ్లండి. ప్రయాణం మానుకుంటే ఎనిమిది రోజుల ముందు రద్దుకి కోత లేదు. 48 గంటల ముందు దాకా 5 శాతం, 24 గంటల ముందు దాకా 10, ఆ తర్వాత 20.

హార్డ్ స్లీపర్‌లో మూడు అంతస్తులు, ఒక్కో అరలో ఆరుగురు, తలుపులూ తెరలూ లేవు. మధ్య బెర్తు తీసుకోండి. కింది బెర్తు ఖరీదెక్కువ, దీపాలు ఆర్పేదాకా అందరూ దానిమీదే కూర్చుంటారు. పై బెర్తులో వెన్ను నిటారుగా పెట్టి కూర్చోలేం. పెట్టె కొసల్లో సిగరెట్లు కాలుస్తారు కాబట్టి అక్కడి బెర్తులకి ఆ వాసన వస్తుంది. పదింటికి దీపాలు ఆర్పేస్తారు. ప్రతి పెట్టెలో మరిగే నీళ్లు దొరుకుతాయి, గ్లాసు మీదే తెచ్చుకోవాలి. పెద్ద స్ప్రే డబ్బాలు, కత్తులు సెక్యూరిటీలో తీసేస్తారు. స్టేషన్‌కి గంట ముందు చేరండి.

శనివారమంతా మట్టి సైనికులకే. స్టేషన్ బయట అడుగు పెట్టగానే బోర్డులు పట్టుకుని మ్యూజియం బస్సంటూ పిలిచేవాళ్లు చుట్టుముడతారు. ఆ బస్సెక్కితే ముందు నకిలీ బొమ్మల కర్మాగారానికీ, ఇంకేదో ప్రదర్శనశాలకీ తిప్పి, అసలు చోటికి మధ్యాహ్నానికి చేరుస్తారు. వాళ్ల జోలికి పోకుండా బెల్ టవర్ దగ్గర మెట్రో ఎక్కండి. బెయ్‌దాజియే స్టేషన్‌లో 1వ లైనుకి, ఫాంగ్‌జిచెంగ్‌లో 9వ లైనుకి మారి, హువాచింగ్‌చిలో దిగి 602 నంబర్ బస్సు ఎక్కాలి. మొత్తం గంటన్నర, ఖర్చు పది పన్నెండు యువాన్లు. ప్రవేశం 120, పాస్‌పోర్ట్ నంబరుతో ముందుగానే బుక్ చేయాలి.

లోపల మూడు గుంటలున్నాయి. తొమ్మిదిలోపు చేరితే ముందు ఒకటోది చూడండి, ఆలస్యమైతే మూడు, రెండు చూశాక అక్కడికి రండి. ఒకటో గుంట 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. 1974లో బావి తవ్వుతున్న రైతులకి తగిలిన చోటు ఇదే. అందరూ ముందు కఠెడా దగ్గరే తోసుకుని ఫోటోలు దిగి వెళ్లిపోతారు. మీరు పక్క దారిలో వెనక కొసదాకా నడవండి. తలలు లేని మొండేలు, నంబరు చీటీలు కట్టిన ముక్కలు, సగం అతికిన కాళ్లు అక్కడుంటాయి. తవ్వి తీసినప్పుడు ఈ బొమ్మల మీద రంగులుండేవి. రంగు కింద ఉన్న లక్క పొర గాలి తగిలి ఆరిన కొద్ది నిమిషాలకే చుట్టుకుపోయి రాలిపోతుంది. ఎంతో భాగం ఇంకా తవ్వకుండా ఉంచడానికి అదో కారణం.

ఆదివారం పొద్దున ఊరి గోడ. టికెట్ 54, పైన సైకిల్ అద్దె 45 దాకా, డిపాజిట్ వేరు. చుట్టు 13.7 కిలోమీటర్లు, ఇటుక నేల కాబట్టి కుదుపులు తప్పవు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కితే రెండు గంటల్లో హాయిగా చుట్టి రావచ్చు. వానొస్తే సైకిళ్లివ్వరు.

తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది పెద్ద హంస గోపురం. చైనా బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ భారతదేశం నుంచి 657 గ్రంథాలతో 645లో తిరిగొచ్చాక, వాటిని భద్రపరచడానికి 652లో కట్టించింది ఇదే. ఆయన మన వేంగి ప్రాంతానికీ ధాన్యకటకానికీ (ఇప్పటి అమరావతి ప్రాంతం) వచ్చాడు, ధాన్యకటకంలో కొన్ని నెలలుండి అభిధర్మం అనే బౌద్ధ తత్వశాస్త్రం చదువుకున్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. అమరావతి స్తూపం చూసినవాళ్లకి ఈ గోపురం పరాయిదనిపించదు. గోపురం ఎక్కడానికి విడిగా టికెట్ కొనాలి. పొదుపు కావాలంటే ఎక్కడం మానేయండి, దక్షిణ వైపు మైదానంలో ఆయన విగ్రహం దగ్గర నిలబడి చూడటానికి పైసా ఇవ్వక్కర్లేదు.

తిండి విషయంలో చైనాలో మనవాళ్లకి ఇంత సుఖమైన ఊరు తక్కువ. ఎండుమిరప, వెల్లుల్లి, వెనిగర్ ఎక్కడ చూసినా. యోపోమియెన్ అడగండి. బొటనవేలంత వెడల్పు నూడిల్స్ మీద కారప్పొడి, వెల్లుల్లి, ఉల్లికాడలు పెట్టి, పొగలు వచ్చేదాకా కాగిన నూనె గరిటెతో పోస్తారు. చుయ్‌మని పోపు వేసినట్టే. 15 యువాన్ల లోపే. శాకాహారులకి లియాంగ్‌పి ఉంది. చల్లని నూడిల్స్‌లో కీరా, మొలకలు, కారం నూనె కలిపి పదికి అటూ ఇటూగా ఇస్తారు. ముస్లిం వీధి అనే తిండి బజారులో పంది మాంసం ఉండదు కానీ, అక్కడి రొట్టెల మధ్య పెట్టేది ఎక్కువగా గొడ్డు మాంసం. తిననివాళ్లు యాంగ్‌రో అని అడగాలి, అది గొర్రె లేదా మేక మాంసం. నియురో అంటే గొడ్డు మాంసం. వీధి మొదట్లో ధరలు మండిపోతాయి, సజిన్‌చియావ్ వైపు సందుల్లోకి వెళ్లండి.

పావ్‌మో మాత్రం తొందరపడేవాళ్లతో కలిసి తినకండి. గట్టి రొట్టెలు, ఖాళీ గిన్నె మీ ముందు పెడతారు. వాటిని సెనగగింజంత ముక్కలుగా చేత్తో తుంచాలి, పావుగంటపైనే పడుతుంది. ఆ గిన్నె లోపలికి తీసుకెళ్లి మాంసం పులుసులో ఉడికించి తెస్తారు. ఆకలికి ఆగలేక పెద్ద ముక్కలు తుంచినవాళ్ల గిన్నెలో పులుసు లోపలికి ఇంకదు, నడుమ పచ్చిపిండిలా ఉండిపోతుంది. కలియబెట్టకుండా అంచు నుంచి తినాలి, పక్కన ఊరవేసిన వెల్లుల్లి కొరుక్కుంటూ.

రైలు, గదిలో వాటా, టికెట్లు, తిండి అన్నీ కలిపి మనిషికి సుమారు 1,050 యువాన్లు. యువాను 12 రూపాయలనుకుంటే పన్నెండున్నర వేలు. ఇండియా నుంచి వచ్చినవాళ్లు చెల్లింపుల యాప్ అలీపేకి వీసా లేదా మాస్టర్ కార్డు జత చేసుకోవాలి. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది, అందుకని ఇద్దరి భోజనం బిల్లులు విడివిడిగా కట్టండి. ఆదివారం రాత్రి రైలుకి కూడా మధ్య బెర్తే, వెళ్లే టికెట్‌తో పాటే ఖాయం చేసుకోండి.