జెల్ ప్లేట్, ఇంక్ ప్యాడ్లు: చెన్నై ఉక్కపోతలో ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ఆర్ట్ జర్నల్ (రంగులు, బొమ్మలతో నింపుకునే డైరీ) బ్యాక్‌గ్రౌండ్ల కోసం జెల్ ప్లేట్ (రంగు పరిచి, పైన కాగితం నొక్కి ప్రింట్ తీసే మెత్తటి పలక) కొనొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే, కొనండి, కాకపోతే ప్లేట్ ఒక్కటే ఉంటే సగం పనే అవుతుంది, జతగా సరైన ఇంక్ ప్యాడ్లు ఉండాలి, ఏ పొర ముందు ఏ పొర వెనక అన్నది తెలిసుండాలి. నేను వాడేది జెల్లీ ఆర్ట్స్ (Gelli Arts) వాళ్ల 8×10 అంగుళాల ప్లేట్, ఉండేది మైలాపూర్‌లో, కొన్నేళ్లుగా ఆదివారం వచ్చిందంటే ఇదే పని.

ఈ ప్లేట్లు 2011 ప్రాంతంలో వచ్చాయి, అంతకుముందు జనం ఇంట్లోనే జెలటిన్ కాచి ట్రేలో పోసి గడ్డకట్టించుకునేవాళ్లు. మన చెన్నైలో మే నెలలో ఒట్టి జెలటిన్ అంటే కష్టమేనండి, ఆ ఎండకి కరగడం మొదలుపెడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, కొన్నాళ్లకి బూజు పడుతుంది, పైగా అది జంతువుల ఎముకలు తోళ్ల నుంచి తీసేది కాబట్టి కొన్ని ఇళ్లల్లో వంటింట్లోకే రానివ్వరు. కొనే ప్లేట్‌లో జెలటిన్ ఉండదు, మినరల్ ఆయిల్‌తో చేసిన సింథటిక్ జెల్, బయట పెట్టినా ఏమీ కాదు. నాది ఇప్పుడు నీలం, గులాబీ మరకలతో నిండిపోయింది, ప్రింట్ మాత్రం మొదట్లో ఎలా వచ్చేదో అలాగే వస్తోంది. గాజులు, ఉంగరాలు తీసేసి కూర్చోండి, గోరు గుచ్చుకున్నా గాటు పడుతుంది, ఆ గాటు తర్వాత ప్రతి ప్రింట్‌లోనూ కనపడుతుంది. దాచేటప్పుడు దాంతో వచ్చిన ప్లాస్టిక్ షీట్ల మధ్యే పెట్టాలి, కాగితం మీద వదిలేస్తే నూనె పీల్చేస్తుంది, బబుల్ ర్యాప్‌లో చుడితే ఆ బుడగల అచ్చు ప్లేట్ మీద దిగిపోతుంది. ఎండిన రంగు ఊడిరాకపోతే కాస్త బేబీ ఆయిల్ రాసి తుడిస్తే సరిపోతుంది.

రంగులకి ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు, ఫెవిక్రిల్, కేమెల్ ఆక్రిలిక్స్ చక్కగా పనిచేస్తాయి, కానీ పుల్కా మీద నెయ్యి రాసినంత పల్చగా రోలర్‌తో పరవాలి. ఫ్యాన్ కట్టేయండి, ఎంత ఉక్కపోసినా సరే, ఫ్యాన్ కింద ఆక్రిలిక్ చూస్తుండగానే ఆరిపోయి కాగితానికి అంటుకోదు. నవంబర్ వానల్లో దీనికి పూర్తిగా రివర్స్, తీరిగ్గా ఆకులు అమర్చుకోవచ్చు, అందుకే నాకు ఆ సీజన్ అంటే ప్రాణం.

ఆకుల్లో నా ఫేవరెట్ రావి ఆకు. రంగు పరిచిన ప్లేట్ మీద ఈనెల వైపు కిందికి పెట్టి, పైన కాగితం వేసి చేత్తో రుద్ది తీస్తే ఆకు ఆకారం ఖాళీగా, చుట్టూ రంగుతో మొదటి ప్రింట్ వస్తుంది, అందరూ దాన్ని చూసే మురిసిపోతారు గానీ అసలు అందం తర్వాతే ఉంది. ఆకుని మెల్లగా ఎత్తేసి, ప్లేట్ మీద మిగిలిన ఆ కాస్త రంగు మీద ఇంకో కాగితం వేసి నొక్కండి, నడిమి ఈనె, దాని నుంచి పక్కలకి చీలే సన్న ఈనెలు, చివర ఆ పొడుగాటి తోక వరకు అన్నీ గీత గీతగా దిగుతాయి. దాన్నే ఘోస్ట్ ప్రింట్ అంటారు, జర్నల్ పేజీకి నేను వాడేది ఎప్పుడూ ఇదే, ఎందుకంటే ఇందులో ఖాళీ కాగితం ఎక్కువ మిగులుతుంది.

ఆ ఖాళీ ఎందుకంటే, ఆక్రిలిక్ పడి ఆరిన చోట నీళ్లకి కరిగే ఇంక్ నిలవదు, టిష్యూతో తుడిస్తే వచ్చేస్తుంది, ఒట్టి కాగితం ఉన్న చోట మాత్రం పీల్చుకుని ఉండిపోతుంది. కాబట్టి ఘోస్ట్ ప్రింట్ మీద బ్లెండింగ్ బ్రష్‌తో ఇంక్ రుద్ది తుడిచేస్తే, ఈనెలు మొదటి రంగులో అలాగే నిలబడి వాటి వెనక కొత్త రంగు చేరుతుంది, ఒక్క బ్రష్ గీత గీయకుండా పేజీకి లోతు వచ్చేస్తుంది! మొదటి ప్రింట్‌లోనే పేజీ అంతా రంగు నింపేస్తే ఇంక్ ప్యాడ్‌కి పని లేకుండా పోతుంది, జెల్ ప్రింట్ల మీద ఇంక్ పట్టట్లేదు అనేవాళ్లు ఒకసారి ఇది చూసుకోండి.

ప్యాడ్లలో నేను ముందు పెట్టేది రేంజర్ వాళ్ల డిస్ట్రెస్ ఆక్సైడ్. కాగితంలోకి ఇంకిపోయే డై, పైన పొడిలా నిలిచే పిగ్మెంట్ రెండూ కలిసిన ఇంక్ అది, ప్యాడ్‌ని నేరుగా ప్లేట్ మీద అద్ది కాస్త నీళ్లు స్ప్రే చేసి కాగితం వేస్తే సుద్దలాంటి మెత్తటి రంగులు వస్తాయి. మామూలు డై ఇంక్ ప్లేట్ మీద నిలవక చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, ఆ చుక్కలు కావాలంటే అదీ బాగానే ఉంటుంది. స్టాంప్ వేయాలంటే ఆర్కైవల్ ఇంక్, ఆరాక తడి తగిలినా కదలదు, ఆక్రిలిక్ మీద కూడా నిలుస్తుంది, కాకపోతే ఆరేవరకు ఓపిక పట్టాలి. ఆఫీసుల్లో వాడే ఊదా రంగు స్టాంప్ ప్యాడ్ మాత్రం వద్దు, దాని మీద తర్వాత తెల్ల రంగు వేస్తే అందులోకి ఊదా ఎక్కి కూర్చుంటుంది. ఆక్సైడ్ కూడా నీళ్లకి కదిలేదే, అందుకే అది పై పొరల్లోనే వాడతా.

చెన్నై వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడి వేడికీ తేమకీ ఆక్రిలిక్ ఎప్పుడూ కాస్త జిగటగానే ఉంటుంది, జర్నల్ మూసి పుస్తకాల కింద పెడితే ఎదురెదురు పేజీలు అంటుకుపోతాయి, విడదీస్తే పొర లేచొస్తుంది. పేజీకీ పేజీకీ మధ్య బటర్ పేపర్ పెట్టండి, పని అంతా అయిపోయిన పేజీ మీద తెల్ల కొవ్వొత్తి లైట్‌గా రుద్ది బట్టతో పాలిష్ చేయండి. కొవ్వొత్తి రుద్దాక మళ్లీ ఇంక్ పట్టదు, అందుకే అది అన్నిటికన్నా చివర.

కాగితాలకి నేను చెన్నైలోనే ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ స్ట్రీట్‌కే వెళ్తా, పెళ్లి కార్డుల షాపుల మధ్య రకరకాల కాగితం దొరుకుతుంది, గరుకు లేకుండా నున్నగా ఉన్నది తీసుకోండి, గరుకు కాగితానికి ఈనెలు దిగవు. ప్లేట్ ధర ఎక్కువే, బడ్జెట్ చాలకపోతే 5×7 సైజు తీసుకుని మిగిలిన డబ్బు మూడు ఆక్సైడ్ ప్యాడ్ల మీద పెట్టండి, ఒక నీలం, ఒక ఆకుపచ్చ, ఒక పసుపు. ఈ మూడూ ఎలా కలిసినా బురద రంగు రాదు, ఎరుపు, నారింజ చేయి కుదిరాక కొనుక్కోవచ్చు.