గ్యాస్ ట్యూబ్ అరెస్టర్లు: ఏళ్ళ తరబడి వాడాక నేను చెప్పేది

హామ్ రేడియోలో యాంటెన్నాని రేడియోతో కలిపే కోయాక్స్ (మధ్యలో తీగ, చుట్టూ లోహపు ఔటర్ ఉండే కేబుల్) లైన్లో బిగించి, పిడుగు వల్ల ఎగిసే వోల్టేజీని (సర్జ్) ఎర్త్‌కి మళ్ళించే గ్యాస్ ట్యూబ్ అరెస్టర్లను చాలా ఏళ్ళుగా వాడుతున్నాను. నా యాంటెన్నాల్లో షార్ట్‌వేవ్ (హెచ్ఎఫ్) డైపోల్‌కి ఒకటి, అంతకన్నా పై ఫ్రీక్వెన్సీల (వీహెచ్ఎఫ్) యాగీకి ఒకటి, లాంగ్ వైర్‌కి ఇంకొకటి. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు ఇవి కొనాలా వద్దా అని అడుగుతూనే ఉంటారు. కొనండి. కాకపోతే కేబుల్ మధ్యలో ఒక డబ్బా బిగించి ఇక పిడుగు భయం లేదనుకునే పనైతే మాత్రం ఆ డబ్బు దాచుకోండి, ఎందుకంటే రిగ్గును (రేడియో సెట్టును) కాపాడేది ఆ డబ్బా కాదు, దాన్ని బిగించిన రాగి ప్లేటూ, ఆ ప్లేటును ఇంటి మెయిన్స్ ఎర్త్‌తో కలిపిన పట్టీ. ఈ మాట నేను ఎంత చెప్పినా తక్కువే.

ముందు వస్తువు సంగతి. లోపల శనగగింజంత సిరామిక్ గొట్టం, అందులో రెండు ఎలక్ట్రోడ్లు, మధ్యలో గ్యాస్, అంతే. మామూలప్పుడు దాని కెపాసిటెన్స్ 1 పీకోఫారడ్ అటూ ఇటూ, కాబట్టి అది లైన్లో ఉన్నట్టు రేడియోకి తెలియనే తెలియదు. వోల్టేజీ హద్దు దాటగానే గ్యాస్ వెలిగి ఆర్క్ అవుతుంది, అప్పుడు దాని మీద నిలిచేది 10 నుంచి 20 వోల్టులే. వచ్చిన కరెంటంతా డబ్బా బాడీ గుండా ఎర్త్‌కి పోతుంది. నేను వాడేవి కార్ట్రిడ్జ్ (అంటే ఆ ట్యూబే) విప్పి మార్చుకోగలిగే రకం. సీలు చేసేసిన రకం వాడినవాళ్ళని చూశాను, లోపల ట్యూబ్ పోతే మొత్తం పారేయాల్సిందే, పైగా పోయిందో లేదో విప్పి చూసే దారే లేదు. నా వరకు ఈ ఒక్క కారణం చాలు, మార్చుకునే రకమే తీసుకోమంటాను.

కార్ట్రిడ్జ్ వెలిగే వోల్టేజీ దగ్గర చాలామంది పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు 90 వోల్టులదే అన్నిటికీ పెట్టేస్తారు, తక్కువ వోల్టేజీ అయితే రక్షణ ఎక్కువ కదా అని. రిసీవర్‌కి ఒక్కదానికే అయితే సరే. 100 వాట్ల రిగ్గుకి 50 ఓమ్ లైన్లో పీక్ వోల్టేజీ సరిగ్గా 100 వోల్టులు వస్తుంది, అంటే మనం పీటీటీ (ట్రాన్స్‌మిట్ మీట) నొక్కగానే ట్యూబే వెలుగుతుంది. వెలిగితే మన ట్రాన్స్‌మిట్ (ఆర్ఎఫ్) పవరే దాన్ని ఆరనివ్వదు, ఎస్‌డబ్ల్యుఆర్ (లైన్లో ఎంత పవర్ వెనక్కి తిరిగొస్తోందో చెప్పే నిష్పత్తి) ఒక్కసారి పైకి లేస్తుంది, పీటీటీ వదలగానే అంతా మామూలుగా కనిపిస్తుంది. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి, యాంటెన్నా చెడిందని టవరెక్కి వెతికినవాళ్ళు ఉన్నారు. 100 వాట్లకి 230 వోల్టుల ట్యూబ్ హాయిగా పనిచేస్తుంది. 400 వాట్ల యాంప్లిఫయర్ పెడితే పీక్ 200 వోల్టులు, ఈ ట్యూబుల్లో 20 శాతం అటూ ఇటూ తేడా మామూలే కాబట్టి 230 సరిపోదు, 350కి వెళ్ళాలి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ట్యూనర్ (యాంటెన్నాని రిగ్గుకి సరిపోల్చే పెట్టె) రేడియో గదిలో ఉండి అరెస్టర్ బయట గోడ మీద ఉంటే, ట్యూనర్ దాటాక లైన్లో ఉండే ఎస్‌డబ్ల్యుఆర్ అంతా అరెస్టర్ భరించాలి. రిగ్గు మీటరు 1:1 చూపిస్తూనే ఉంటుంది, బయట మాత్రం 10:1 ఉండొచ్చు. ఆ లెక్కన 100 వాట్లకే పీక్ 316 వోల్టుల దాకా పోతుంది. నా లాంగ్ వైర్ లైన్లో 230 ట్యూబ్ ఒక బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల శ్రేణి) మీద మాత్రమే వెలిగేది, మిగతా బ్యాండ్లలో ఏ గొడవా లేదు. 350 వేశాక మళ్ళీ ఆ సమస్య రాలేదు.

కోయాక్స్ గుండా 12 వోల్టులు పంపి రిమోట్ ట్యూనర్ నడిపేవాళ్ళు డీసీని పోనిచ్చే డీసీ పాస్ రకం తీసుకోవాలి. లేదంటే మధ్యలో కెపాసిటర్‌తో డీసీని ఆపే డీసీ బ్లాక్ రకమే మేలు. ట్యూబ్ వెలగడానికి కొంచెం టైమ్ పడుతుంది, మైక్రోసెకనుకి వెయ్యి వోల్టుల వేగంతో లేచే సర్జ్ వస్తే 230 రకం ట్యూబ్ కూడా 500, 600 వోల్టుల దగ్గరగానీ వెలగదు, ఆ ముక్కంతా నేరుగా రిగ్గులోకే వస్తుంది. మధ్యలో కెపాసిటర్ ఉంటే అందులో చాలావరకు ఆగిపోతుంది. ఇంకోటి, పొడిగాలికి లాంగ్ వైర్ మీద పేరుకునే స్టాటిక్‌ని ఈ ట్యూబ్ పట్టించుకోదు, దాని హద్దు దాటితే తప్ప. అందుకని లైన్ నుంచి ఎర్త్‌కి ఒక 100 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి ఉంచాను, 100 వాట్ల దగ్గర అందులో ఖర్చయ్యే పవర్ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు విషయం. ఒక మిత్రుడి రిగ్గు రిపేరుకి నా దగ్గరికి వచ్చింది. అతని దగ్గర మంచి అరెస్టర్ ఉంది, దానికంటూ విడిగా ఎర్త్ రాడ్ ఉంది, రాడ్ కొలిస్తే రెసిస్టెన్స్ కూడా బాగానే ఉంది. పిడుగు యాంటెన్నా మీద పడలేదు, కాస్త దూరంలో చెట్టు మీద పడింది. అరెస్టర్ తన పని తను చేసింది, ట్యూబ్ వెలిగింది. అయినా రిగ్గు పోయింది. మూత తీసి చూస్తే యాంటెన్నా సాకెట్ వైపు అంతా శుభ్రంగా ఉంది, వెనకాల యూఎస్‌బీ చిప్ మీద మాత్రం సూది మొనంత గుంట, దాని పక్కన గ్రౌండ్ ట్రాక్ బోర్డు మీంచి పూర్తిగా లేచిపోయి చుట్టూ రాగి మసి. అంటే కరెంటు యాంటెన్నా కేబుల్ ఔటర్ మీంచి వచ్చి, రిగ్గు చాసిస్ దాటి, యూఎస్‌బీ కేబుల్ గుండా కంప్యూటర్‌లోకి, అక్కణ్ణించి మెయిన్స్ ఎర్త్‌లోకి పోయింది.

ఎందుకలా పోయిందో లెక్క వేస్తే తెలుస్తుంది. రాడ్ 10 ఓమ్‌లు అనుకోండి, అందులోకి ఒక్క 1000 ఆంపియర్లు పోయినా రాడ్ దగ్గర వోల్టేజీ 10,000 వోల్టులకి లేస్తుంది. మెయిన్స్ ఎర్త్ దూరంగా ఇంకోచోట ఉంది, అది దాదాపు సున్నాలోనే ఉంటుంది. ఈ రెండిటి మధ్య ఉన్న దారి మన రిగ్గూ, కంప్యూటరూ. రెండు ఎర్త్‌లనూ రాగి పట్టీతో కలిపి ఉంటే రెండూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి, మధ్యలో ఉన్నవాటికి తేడా తగలదు. ఎర్త్ రెసిస్టెన్స్ ఎంత తక్కువన్నది దీని తర్వాతి మాట. పిడుగు రక్షణ పుస్తకాల్లో 10 ఓమ్‌ల లోపు ఉండాలంటారు, మంచిదే, కానీ ఒకదానితో ఒకటి కలవని రెండు మంచి ఎర్త్‌ల కంటే కలిపిన రెండు మామూలు ఎర్త్‌లే నయం.

నా దగ్గర గోడ బయట ఒక రాగి ప్లేటు ఉంది. అన్ని కోయాక్స్‌లూ, యాంటెన్నాని తిప్పే రోటేటర్ వైరూ, ఇంట్లోకి వచ్చే నెట్‌వర్క్ వైరూ దాని మీంచే లోపలికి వెళ్ళాలి, ప్రతిదానికీ అక్కడే దాని రక్షణ. లోపల రిగ్గుకి కరెంటిచ్చే సాకెట్ బోర్డు ఎర్త్ కూడా ఇక్కడికే వస్తుంది. ఎర్త్‌కి దిగేది గుండ్రటి వైరు కాదు, వెడల్పాటి రాగి పట్టీ, వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా. తిన్నటి వైరుకి మీటరుకి దాదాపు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది, మైక్రోసెకనుకి 1000 ఆంపియర్లు పెరిగే కరెంటుకి ఆ ఒక్క మీటరు మీదే 1000 వోల్టులు నిలబడతాయి. పిడుగులో కరెంటు అంతకన్నా చాలా వేగంగా పెరుగుతుంది, మొదటి స్ట్రోకే సగటున 30,000 ఆంపియర్లు. అరెస్టర్‌ని రెండో అంతస్తులో కిటికీ దగ్గర పెట్టి సన్న వైరు కిందకి వేలాడదీస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

చిన్న విషయం ఒకటి, ఎవరూ చెప్పరు. రాగి పట్టీని గాల్వనైజ్ చేసిన (జింకు పూత వేసిన) టవర్ కాలుకి నేరుగా బిగిస్తే వాన తడికి రాగి ఆ జింకుని తినేస్తుంది, కొన్నాళ్ళకి జాయింట్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ లోపల తుప్పే. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేటు పెట్టాలి. జడలా అల్లిన రాగి బ్రెయిడ్ కూడా బయట వాడకండి, నీళ్ళు పీల్చి పచ్చబడిపోతుంది.

మళ్ళీ ఆ మిత్రుడి రిగ్గు దగ్గరికి వస్తే, యూఎస్‌బీ చిప్ మార్చి, తెగిన ట్రాక్ మీద వైరు వేసి, కరెంట్ లిమిట్ ఉన్న పవర్ సప్లైతో ఆన్ చేశాను. ఇలాంటి రిగ్గుని ఎప్పుడూ పెద్ద సప్లైకి నేరుగా తగిలించకండి, ఎక్కడైనా షార్ట్ ఉంటే మిగిలినవీ కాలతాయి. ఆన్ అయింది, శబ్దం వచ్చింది, చాలామంది ఇక్కడితో మూత బిగించేస్తారు. నేను సిగ్నల్ జనరేటర్ నుంచి 50 మైక్రోవోల్టులు ఇచ్చి ప్రతి బ్యాండూ చూశాను. హెచ్ఎఫ్‌లో ఎస్9 (సిగ్నల్ బలం చూపే మీటరు మీద ఒక మార్కు) అంటే అదే, 50 ఓమ్‌ల దగ్గర మైనస్ 73 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్). అన్నిచోట్లా మీటరు ఎస్9కి దగ్గర్లో ఉంది, ఒక్క బ్యాండ్‌లో మాత్రం మూడు ఎస్ యూనిట్లు తక్కువ. ఆ బ్యాండ్ సిగ్నల్నే పోనిచ్చే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ని ఎంచే స్విచింగ్ డయోడ్లలో ఒకటి లీక్ అవుతోంది, మల్టీమీటర్‌తో అటూ ఇటూ రెండు వైపులా కరెంటు పోతోంది. ఫిల్టర్లకి విడివిడిగా డయోడ్లు ఉంటాయి కాబట్టి ఒక్క బ్యాండే మందగించిందంటే ముందు అనుమానించాల్సింది వాటినే. అన్ని బ్యాండ్లూ మందగిస్తే ఇన్‌పుట్ దగ్గర చిన్న చోక్, ప్రీఆంప్, రిలే కాంటాక్ట్‌లు చూడాలి. కొన్ని పాత రిగ్గుల్లో రిసీవర్ దారిలో ఫ్యూజులా పనిచేసే చిన్న బల్బు ఉంటుంది, అది పోయి ఉంటే సంతోషించండి, అదృష్టవంతులు. రిసీవ్ సరిగ్గా ఉండి ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు మాత్రం పిచ్చిగా చూపిస్తుంటే ఆ మీటరుకి కొలత అందించే బ్రిడ్జిలోని డయోడ్లు పోయినట్టే.

ట్రాన్స్‌మిట్ ముందు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్ని పీల్చుకునే రెసిస్టర్) మీద, తక్కువ పవర్‌తో. కొన్ని వారాలు గమనించమని చెప్పి రిగ్గు ఇచ్చాను. సర్జ్ తగిలిన సెమీకండక్టర్ వెంటనే చావకుండా సగం దెబ్బతో బతికి తర్వాత పోవడం మామూలే.

కేబుల్నీ వదలకండి. పైకి బాగానే ఉన్న కోయాక్స్‌లో సూదిబెజ్జమంత కాలిన రంధ్రం ఉంటే వానాకాలంలో నీళ్ళు దిగుతాయి. కనెక్టర్లు విప్పి నల్లబడ్డాయేమో చూడండి, బాలన్ (కోయాక్స్‌ని యాంటెన్నాతో కలిపే ట్రాన్స్‌ఫార్మర్) డబ్బా తెరిచి ఫెర్రైట్ పగిలిందేమో చూడండి.

ఇన్నీ ఉన్నా ఉరుము వినిపిస్తే నేను కేబుల్ తీసేస్తాను. నేరుగా పడే పిడుగుని ఆపుతానని ఏ అరెస్టరూ మాట ఇవ్వలేదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు అంటే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, అంతకన్నా దగ్గరికి రాకముందే ఆపేయాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. తీసిన కేబుల్ కొనని టేబుల్ మీదే పడేయడం మాత్రం చాలా ప్రమాదం. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఎర్త్ లేని లోహపు కడ్డీని ఇంట్లోకి తెచ్చుకుని కొలవబోయి పిడుగుకి చనిపోయాడు, టేబుల్ మీద వదిలేసిన కోయాక్స్ కొన కూడా అచ్చం అదే. ప్లేటు దగ్గర, బయటే విప్పాలి. అదీ ఉరుము దూరంగా ఉన్నప్పుడే, దగ్గరకొచ్చాక దాని జోలికి వెళ్ళొద్దు.

ట్యూబుల చెకింగ్ గురించి చెప్పి ఆపేస్తాను. మల్టీమీటర్ వల్ల లాభం లేదు, అది పెట్టేది రెండు మూడు వోల్టులే, ట్యూబ్ షార్ట్ అయితే తప్ప ఏమీ తెలియదు. ఇన్సులేషన్ టెస్టర్ కావాలి. 230 ట్యూబ్‌ని 100 వోల్టుల రేంజిలో పెడితే పూర్తిగా ఓపెన్ చూపించాలి, 500 రేంజిలో పెడితే వెలగాలి. 100 దగ్గరే లీక్ చూపిస్తే అది అలిసిపోయింది, 500 దగ్గరా వెలగకపోతే అసలు పనికిరాదు. ఏటా వానలు మొదలయ్యేముందు ఒకసారి, దగ్గర్లో పిడుగు పడిన ప్రతిసారీ ఒకసారి చూస్తాను. అనుమానం వస్తే మార్చేయడమే. నా అరెస్టర్ల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కార్ట్రిడ్జ్ మూత మరలు సన్నవి, నాలుగైదుసార్లు విప్పి బిగించేసరికి పట్టు వదులుతున్నాయి. వీహెచ్ఎఫ్ పైన పనిచేసేవాళ్ళు మాత్రం పీఎల్-259 కనెక్టర్ రకం వద్దు, ఎన్ టైప్ కనెక్టర్ ఉన్నదే తీసుకోండి, 430 మెగాహెర్ట్జ్ దగ్గర రెండిటికీ తేడా, కేబుళ్ళనీ కనెక్టర్లనీ కొలిచే చిన్న పరికరం నానోవీఎన్‌ఏలో స్పష్టంగా కనిపిస్తుంది.